140 పొడవాటి ఇంగ్లీషు పదాలు, ఏడు వారాలు: సిలబుల్ విడదీసి స్ట్రెస్ పెట్టడంలో నా అనుభవం

ఒక ఆడియో పాఠం కోసం 140 ఇంగ్లీషు పదాల జాబితా జనవరి 6న చేతికొచ్చింది. ప్రతి పదాన్నీ సిలబుల్స్‌గా విడదీయాలి, ఎక్కడ నొక్కి పలకాలో, అంటే స్ట్రెస్ ఎక్కడో, గుర్తు పెట్టాలి. చదివే మనిషి ఆ కాగితం చూసి ఎక్కడా తడుముకోకూడదు. వారం రోజుల పని అనుకున్నాను. పూర్తయ్యేసరికి ఫిబ్రవరి 24 వచ్చింది. డబ్బు ఖర్చు ఏమీ లేదు, ఉచితంగా దొరికే నిఘంటువులే సరిపోయాయి. సమయం మాత్రం మొత్తం 46 గంటలు పట్టింది. మొదటి 20 పదాలకే 5 గంటలు పోయాయి, చివరి 20 పదాలు గంటా పది నిమిషాల్లో అయిపోయాయి. ఆ తేడా ఎలా వచ్చిందో ఇక్కడ రాస్తున్నాను.

రాసుకునే పద్ధతి ముందే చెప్పాలి. సిలబుల్ సిలబుల్‌కీ మధ్య అడ్డగీత. బాగా నొక్కాల్సిన సిలబుల్ ముందు పైన చిన్న నిలువు గీత (ˈ), కొంచెం నొక్కాల్సిన దాని ముందు కింద గీత (ˌ). నిఘంటువులు వాడేవి ఇవే. ఏ నొక్కూ లేక పలచబడిపోయే అచ్చుకు, అంటే ష్వాకు, మన లిపిలో అక్షరం లేదు. దాన్ని గుణింతం గుర్తేమీ లేకుండా ఉత్త 'అ'కారంతో వదిలేశాను. ఇది చిన్న నిర్ణయమే. కానీ చివరికి పనంతా దాని చుట్టూనే తిరిగింది.

మొదటి వారం: లెక్కపెట్టడం

జనవరి 6 నుంచి 12 వరకు సిలబుల్స్ లెక్కే. సిలబుల్‌కు ప్రాణం అచ్చు ధ్వని. ఒక పదంలో ఎన్ని అచ్చులు వినపడితే అన్ని సిలబుల్స్. కాగితం మీద కనపడే అచ్చులను లెక్కపెడితే మాత్రం దెబ్బతింటాం. 'స్ట్రెంగ్త్స్' స్పెల్లింగులో 9 అక్షరాలుంటాయి, సిలబుల్ ఒక్కటే. 'ఐడియా'లో నాలుగే అక్షరాలు, సిలబుల్స్ మూడు. 'రిథమ్' స్పెల్లింగులో ఎ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ లేకపోయినా రెండు సిలబుల్స్ వినపడతాయి. 'ఫిల్మ్' ఒకటే సిలబుల్. మనం 'ఫిలిం' అని రెండు చేస్తాం, కాబట్టి మన చెవి ఇచ్చే లెక్కను ఇలాంటి చోట నమ్మకూడదు.

జాబితాలో అన్నిటికంటే పొడవైనది 'ఇంటర్నేషనలైజేషన్'. స్పెల్లింగులో 20 అక్షరాలు, వాటిలో అచ్చు అక్షరాలు 10. ఐ-ఓ జంట రెండుసార్లు వస్తుంది, రెండుసార్లూ ఒకే ధ్వని. కాబట్టి 10 లోంచి 2 తీసేస్తే 8. ˌఇన్-ట-ˌనా-ష-న-లై-ˈజే-షన్. ఇలా మొదట అక్షరాలు లెక్కపెట్టి, తర్వాత జంటలూ, పలకని 'ఇ'లూ తీసేయడం నమ్మకమైన దారి.

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని దవడ ఎన్నిసార్లు కిందికి దిగితే అన్ని సిలబుల్స్ అంటారు. 'ఆ', 'ఓ' ఉన్న పదాలకు ఇది పనిచేస్తుంది. 'ఇ', 'ఈ' వరసగా వచ్చే చోట దవడ కదలదు. 'రెస్పాన్సిబిలిటీ'కి నాకు నాలుగే తగిలాయి, ఉన్నవి ఆరు. మూడో రోజుకే ఆ పద్ధతి మానేసి వేలితో బల్ల మీద తట్టడం మొదలుపెట్టాను.

అసలు ఆశ్చర్యం రాతలో ఎదురైంది. 'డిపార్ట్‌మెంట్'ను తెలుగులో రాసి గీతలు పెడితే చెయ్యి దానంతటదే డి-పా-ర్ట్మెం-ట్ అని విడదీస్తుంది. మన లిపిలో హల్లులన్నీ వచ్చే అచ్చుకే అతుక్కుంటాయి కదా. 'కర్మ' రాసేటప్పుడు క-ర్మ, పలికేటప్పుడు కర్-మ. ఛందస్సు చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, ఆ 'క' గురువయ్యేది అందుకే. ఇంగ్లీషు పదాన్ని విడదీయడానికి కావలసింది పలికే లెక్క: డి-ˈపార్ట్-మంట్. చివర మిగిలే పొల్లు ఎప్పుడూ విడి సిలబుల్ కాదు. ఈ ఒక్క తప్పు సరిచేయడానికి మొదటి 20 పదాలనూ మళ్లీ రాయాల్సి వచ్చింది.

రాసినన్ని పలకని పదాలు కూడా ఉన్నాయి. 'కంఫర్టబుల్' స్పెల్లింగు ప్రకారం నాలుగు, నోట్లో మూడు: ˈకంఫ్-ట-బుల్. 'వెడ్నెస్‌డే' రెండే: ˈవెన్జ్-డే. 'బిజినెస్' రెండే: ˈబిజ్-నస్. భూతకాలపు ఇ-డి కూడా అంతే. ముందు టి గానీ డి గానీ ఉంటేనే అది సిలబుల్ అవుతుంది, లేకపోతే కాదు. 'వాంటెడ్' రెండు, 'వాక్డ్' ఒకటి.

రెండో వారం: తోకలు

జనవరి 13 నుంచి స్ట్రెస్. మొదటి రెండు రోజులు ప్రతి పదాన్నీ నిఘంటువులో వెతికాను. 16వ తేదీకి తోకల సంగతి పట్టుబడింది, అక్కడి నుంచి వేగం పెరిగింది. పొడవాటి పదంలో స్ట్రెస్‌ను ఎక్కువగా నిర్ణయించేది దాని చివరి ముక్క. చూపు పదం మొదట్లో పెట్టకుండా చివర పెట్టాలి.

'షన్', 'ఇక్', 'షస్' లాంటి తోక ఉంటే దాని ముందు సిలబుల్ మీద నొక్కు. ˌఎ-క-ˈనా-మిక్, ˌసై-అన్-ˈటి-ఫిక్, ప్ర-ˌనన్-సి-ˈఏ-షన్. 'ఇటీ', 'గ్రఫీ', 'లజీ', 'క్రసీ', 'ఇఫై', 'ఇకల్' ఉంటే చివరి నుంచి మూడో సిలబుల్ మీద: ఐ-ˈడెన్-ట-ఫై, డి-ˈమా-క్ర-సి. మూడు, అంతకు మించి సిలబుల్స్ ఉండి 'ఏట్'తో ముగిసే క్రియలు కూడా అంతే: క-ˈమ్యూ-ని-కేట్, ˈకాన్-సన్-ట్రేట్. 'నీర్', 'టీర్', 'నీస్', 'జీ' లాంటి తోకలు నొక్కును తమ మీదకే లాక్కుంటాయి: ˌఎన్-జ-ˈనీర్, ˌవా-లన్-ˈటీర్, ˌరె-ఫ్యు-ˈజీ. మన అలవాటు వీటిని మొదటి సిలబుల్ మీద నొక్కడం, అందుకే 'ఇంజనీర్' నా మొదటి చిత్తులో తప్పింది.

'నెస్', 'లెస్', 'ఫుల్', 'లీ', 'మెంట్', 'షిప్' లాంటివి సాధారణంగా నొక్కును కదిలించవు. అసలు పదం ఎక్కడ నొక్కుతుందో చూసుకుని ఈ తోకను అలాగే తగిలించాలి. 'డెవలప్' డి-ˈవె-లప్ కాబట్టి 'డెవలప్‌మెంట్' కూడా డి-ˈవె-లప్-మంట్.

మినహాయింపులను ఒక పేజీలో విడిగా రాసుకోవాలి, లేకపోతే నియమం మీద నమ్మకం ఎక్కువై తప్పులు పడతాయి. 'ఇక్'లో అరబిక్, కేథలిక్, పాలిటిక్స్, రెటరిక్, లూనటిక్ మొదటి సిలబుల్ మీదే నొక్కుతాయి. 'అరిథ్మెటిక్' నామవాచకంగా రెండో సిలబుల్ మీద, విశేషణంగా మూడో దాని మీద. 'ఈ' తోకలో 'కమిటీ' మినహాయింపు, దాన్ని మధ్యలో నొక్కాలి.

ఒకే వేరు నుంచి వచ్చిన పదాలను వరసగా పెట్టుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. ˈఫో-ట-గ్రాఫ్, ఫ-ˈటా-గ్ర-ఫి, ˌఫో-ట-ˈగ్రా-ఫిక్. నొక్కు ఒక్కో గడీ ముందుకు జరిగిన ప్రతిసారీ అచ్చులు కూడా మారాయి చూడండి. మొదటి దాంట్లో 'ఫో', రెండో దాంట్లో ఉత్త 'ఫ'. మొదటి దాంట్లో ఉత్త 'ట', రెండో దాంట్లో 'టా'. తెలుగులో ముగ్గురికీ 'ఫొటోగ్రా...' అని ఒకటే మొహం ఉంటుంది. ఇంగ్లీషులో నొక్కు ఎక్కడ పడితే అక్కడ అచ్చు నిండుగా వస్తుంది, పడని చోట అరిగిపోతుంది. పొలిటిక్స్, పొలిటికల్, పొలిటిషన్ వరసతో కూడా ఇలాగే చేసి చూశాను: ˈపా, ˈలి, ˈటి. మూడింటికీ మూడు చోట్లు.

మూడో వారం: గురులఘువులు

తోక లేని పదాలు 23 మిగిలాయి. జనవరి 20 నుంచి 26 వరకు వాటి మీద కూర్చున్నాను. మొత్తం పనిలో నాకు ఎక్కువ సంతోషం ఇచ్చిన వారం ఇదే.

అజెండా, వెరాండా, అరోమా, హొరైజన్, మ్యూజియం, సినిమా, మినిమమ్, అమెరికా. చివరి నుంచి రెండో సిలబుల్ చూడండి. అది గురువైతే నొక్కు దాని మీదే: అ-ˈజెన్-డ, వ-ˈరాన్-డ, అ-ˈరో-మ, హ-ˈరై-జన్, మ్యూ-ˈజీ-అమ్. అది లఘువైతే నొక్కు ఒక అడుగు వెనక్కి వెళుతుంది: ˈసి-న-మ, ˈమి-ని-మమ్, అ-ˈమె-రి-క. దీర్ఘమున్నా, వెనక పొల్లు ఉన్నా గురువు. 'ఐ', 'ఔ' ఉన్నా గురువే. మనం బళ్లో నేర్చుకున్న లెక్కే. ఈ నియమం లాటిన్‌ది, ఇంగ్లీషుకు లాటిన్, గ్రీకు పదాలతో పాటు వచ్చింది. 1968లో భాషాశాస్త్రవేత్తలు చామ్‌స్కీ, మోరిస్ హాలె ఇంగ్లీషు శబ్దవ్యవస్థ మీద రాసిన పుస్తకంలో స్ట్రెస్ సూత్రాలు కూడా ఇలాంటి బరువు తేడా మీదే నడుస్తాయి. పద్యానికి గణవిభజన చేయగలిగిన వాళ్ల చేతిలో ఈ పనిముట్టు అప్పటికే ఉందన్నమాట.

ఒక జాగ్రత్త. గురువో లఘువో చూడాల్సింది ఇంగ్లీషు వాళ్లు పలికే ధ్వనిలో, మన రాతలో కాదు. 'సినిమా' అని చివర దీర్ఘం పెట్టి మనం రాసుకుంటాం, వాళ్లకు అది పలచని 'మ'.

23 పదాల్లో 17 ఈ లెక్కకు లొంగాయి. లొంగనివి ఎక్కువగా చివర 'అర్' ధ్వని ఉన్నవి. కేలండర్, కేరెక్టర్, సిలిండర్, మినిస్టర్: మధ్య సిలబుల్ గురువే, అయినా నొక్కు మొదటి దాని మీద. సెప్టెంబర్, నవంబర్, అక్టోబర్‌లకూ అదే 'అర్' ఉంది గానీ అవి నియమానికి కట్టుబడి మధ్యలోనే నొక్కుతాయి. కాబట్టి 'అర్'తో ముగిసే ప్రతి పదాన్నీ నిఘంటువులో చూడక తప్పదు.

రెండు సిలబుల్స్ పదాలు జాబితాలో లేకపోయినా, పొడవాటి పదాలకు అవే వేళ్లు కాబట్టి వాటినీ చూసుకున్నాను. 'రికార్డ్', 'ప్రెజెంట్', 'పర్మిట్', 'ఆబ్జెక్ట్' నామవాచకమైతే ముందు నొక్కు, క్రియ అయితే వెనక నొక్కు. జాబితా ఇచ్చినవాళ్లు పదం ఏ అర్థంలో వాడారో చెప్పకపోతే గుర్తు పెట్టలేం. 'ఎస్టిమేట్'కు నొక్కు రెండింటిలోనూ మొదటే, చివరి అచ్చు మాత్రం క్రియలో 'మేట్', నామవాచకంలో పలచని 'మట్'. ఇలాంటివి ఏడు దొరికాయి. అర్థం అడిగి జవాబు వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజే అడిగి ఉండాల్సింది.

నిఘంటువులు పెట్టిన తికమక

జనవరి 27 నుంచి సరిచూసుకోవడం. ఇక్కడ రెండు రోజులు వృథాగా పోయాయి, కారణం తెలుసుకుంటే మీకు పోవు.

నిఘంటువులో పదం పక్కనే చుక్కలతో కనిపించే విభజన లైను చివర పదాన్ని విరవడానికి. ఉచ్చారణ విభజన దాని తర్వాత విడిగా ఉంటుంది. అవి రెండూ ఒకటి కావు. 'ఫొటోగ్రఫీ'కి చుక్కల విభజనలో జి అక్షరం రెండో ముక్క చివర ఉంటుంది, ఉచ్చారణలో మూడో ముక్క మొదట ఉంటుంది. నేను మొదటి దాన్ని చూసి 11 పదాలు మార్చేశాను, మళ్లీ వెనక్కి మార్చాను.

లైను విరవడం వేరే శాస్త్రం. టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రామ్ కోసం ఫ్రాంక్ లియాంగ్ 1983లో పూర్తిచేసిన పద్ధతిలో ఇంగ్లీషుకు 4,447 నమూనాలు, వాటికి లొంగని 14 పదాల పట్టిక ఉన్నాయి. ఆ 14 లో 'ప్రెజెంట్', 'ప్రాజెక్ట్', వాటి బహువచనాలు ఉన్నాయి. వాటిని ఎక్కడా విరవకూడదని రాసి పెట్టారు, ఎందుకంటే నామవాచకానికీ క్రియకూ విరుపు చోటు వేరు. ఏది ఏదో యంత్రానికి తెలియదు. నాలుగు రోజులు నేను జవాబు కోసం ఎదురుచూసిందీ సరిగ్గా ఆ సమాచారం కోసమే.

ఉచ్చారణ నిఘంటువులు కూడా హల్లును ఎటు పెట్టాలన్న దగ్గర ఏకీభవించవు. బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త జాన్ వెల్స్ 1990లో తెచ్చిన నిఘంటువు మధ్య హల్లును నొక్కు బలంగా ఉన్న వైపు చేరుస్తుంది, అందుకని 'సిటీ' అక్కడ సిట్-ఇ. ఇంకొన్ని నిఘంటువుల్లో సి-టి. రెండూ తప్పు కాదు. సిలబుల్స్ ఎన్ని, నొక్కు ఏ అచ్చు మీద అన్న రెండు విషయాల్లో తేడా రాదు, గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే వస్తుంది. ఒకదాన్ని ఎంచుకుని 140 పదాలకూ అదే పాటించాలి. నేను హల్లును వీలైనంతవరకు ముందుకు, అంటే తర్వాతి అచ్చు వైపుకు పంపాను. తెలుగు చదువరికి అదే సహజం.

నాకు ఎక్కువ సాయపడింది కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల ఉచిత ఉచ్చారణ నిఘంటువు. అమెరికన్ ఉచ్చారణ, లక్షా 34 వేలకు పైగా పదాలు. ప్రతి అచ్చు పక్కనా ఒక అంకె ఉంటుంది: నొక్కు లేకపోతే 0, ప్రధానమైతే 1, రెండో స్థాయి అయితే 2. ఆ అంకెలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే అదే సిలబుల్స్ సంఖ్య. సరిచూడటానికి ఇంతకంటే సులువైన దారి నాకు కనపడలేదు.

తొమ్మిది రోజుల ఎదురుచూపు

ఫిబ్రవరి 3న జాబితాను ధ్వనిశాస్త్రం బోధించే ఒకరికి పంపాను. 12న తిరిగొచ్చింది. ఆ తొమ్మిది రోజులూ మనసు దాని మీదే ఉంది. తప్పులు పది దాటవని గట్టి నమ్మకం. 37 పదాల పక్కన ఎర్ర గుర్తులు చూసి చాలా కుంగిపోయాను.

లెక్క తీస్తే, ప్రధాన నొక్కు తప్పినవి ఐదే. బ్రిటిష్, అమెరికన్ కలిపేసినవి నాలుగు. రెండో స్థాయి నొక్కు మరిచినవి తొమ్మిది. మిగిలిన పంతొమ్మిదీ పలచని అచ్చులు. పలచగా ఉండాల్సిన చోట నిండు అచ్చు రాశాను. 'డిపార్ట్‌మంట్' అని ఒకచోట రాసి ఇంకోచోట 'ఇన్వాల్వ్‌మెంట్' అని రాశాను. 'కమ్యూనికేట్'లో 'క' సరిగ్గా పెట్టి 'కంక్లూజన్'కు 'కాన్' పెట్టాను.

కారణం తెలుగు చెవి. మనం ప్రతి అచ్చునూ దాని విలువ మేరకు పూర్తిగా పలుకుతాం, ఏదీ అరగదు. కాబట్టి నొక్కును సరైన చోట పెట్టినా మిగతా సిలబుల్స్ కూడా అంతే నిండుగా ఉండటంతో నొక్కు ఎవరికీ వినపడదు. గట్టిగా అరిస్తే వినపడుతుందని చాలామంది గొంతు పెంచుతారు. ధ్వనిశాస్త్రవేత్త డెనిస్ ఫ్రై 1955లో 'పర్మిట్', 'ఆబ్జెక్ట్' లాంటి జంటలతో చేసిన ప్రయోగాల్లో, నొక్కు ఎక్కడుందో తేల్చుకోవడానికి వినేవాళ్లకు శబ్దం గట్టితనం కంటే అచ్చు నిడివి ఎక్కువ ఉపయోగపడింది. 1958లో ఆయనే స్వరం ఎత్తు ప్రభావాన్నీ చూపించాడు. అంటే నొక్కిన సిలబుల్‌ను సాగదీయాలి, గొంతు ఎత్తు మార్చాలి, మిగతావి కుదించాలి. గట్టిగా అనడం వీటన్నిటి తర్వాతి మాట.

రెండో స్థాయి నొక్కుకు మంచి ఆనవాలు ఒకటుంది. ఇంగ్లీషు పదం రెండు పలచని సిలబుల్స్‌తో మొదలుకాదు. ప్రధాన నొక్కు మూడో సిలబుల్ మీదో ఆ తర్వాతో ఉంటే, మొదటి రెండింట్లో ఒకదాని మీద కింది గీత తప్పకుండా ఉంటుంది. రి-ˌస్పాన్-స-ˈబి-ల-టి, ˌకా-రక్-ట-ˈరి-స్టిక్. ఇది ముందే తెలిసి ఉంటే ఆ తొమ్మిది ఎర్ర గుర్తులూ పడేవి కావు.

సరిదిద్దిన తీరు

ఫిబ్రవరి 13 నుంచి 20 వరకు రోజుకు నాలుగైదు పదాలు. ముందు కాగితం మీద దిద్దడం, తర్వాత వెనక నుంచి పలకడం. 'ప్రొనన్సియేషన్' అయితే మొదట 'షన్', తర్వాత 'ఏషన్', తర్వాత 'సి-ఏషన్', తర్వాత 'నన్-సి-ఏషన్', చివరికి మొత్తం. మొదటి నుంచి మొదలుపెడితే నొక్కు దగ్గరికి వచ్చేసరికి ఊపిరీ స్వరమూ ఖర్చైపోతాయి. వెనక నుంచి కడితే ప్రతిసారీ నొక్కు మీదుగానే వెళతాం, అది నోటికి పడిపోతుంది.

అనుమానం ఉన్నచోట నోరు మూసుకుని పదాన్ని 'మ్మ్'గా కూనిరాగం తీశాను. అచ్చులూ హల్లులూ పోయి స్వరం ఎత్తుపల్లాలే మిగులుతాయి, నొక్కు తేటగా తెలుస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు విన్నాను. అదే రోజు వింటే మనం అనుకున్నదే వినపడుతుంది, అన్నది వినపడదు. ఒక్క రాత్రి గడిస్తే చాలు.

నొక్కు విషయంలో రెండు రూపాలూ చెలామణిలో ఉన్న నాలుగు పదాలు మిగిలాయి: కాంట్రవర్సీ, కిలోమీటర్, అడ్వర్టైజ్‌మెంట్, లేబరేటరీ. పాఠం బ్రిటిష్ ఉచ్చారణలోనని తేలాక చివరి రెండూ కుదిరాయి: అడ్-ˈవర్-టిస్-మంట్, ల-ˈబా-ర-ట్రి. మొదటి రెండూ బ్రిటన్‌లోనే రెండు రకాలుగా పలుకుతారు, అందుకని రెండు గుర్తులూ రాసి ఇచ్చాను.

ఆఖరున వాక్యాల్లో పెట్టి చదివించినప్పుడు ఇంకొకటి బయటపడింది. 'జాపనీస్' ఒంటరిగా ˌజా-ప-ˈనీజ్. వెనకాలే మొదట్లో నొక్కు ఉన్న 'స్టూడెంట్' లాంటి మాట వస్తే రెండు నొక్కులు దగ్గర పడతాయి, అప్పుడు 'నీజ్' తగ్గి 'జా' పైకి లేస్తుంది. 'థర్టీన్' లాంటి అంకెలదీ ఇదే తీరు. జాబితాలో ఇలాంటివి ఆరు. వాటికి విడిపదంగా ఒక గుర్తు, వాక్యంలో ఒక గుర్తు పెట్టి, 23వ తేదీ రాత్రి మళ్లీ ఒకసారి మొత్తం పైకి చదివి, 24న పంపేశాను.